నడికట్టు

అనంతగిరి, శుక్రవారం

బాలింతగా నడికట్టు కట్టించుకోనందుకే నా పొట్ట కండరాలు విడిపోయాయా? బాబు పుట్టినప్పటి నుంచీ ఇదే ప్రశ్న.

ఇవాళ ఫిజియోథెరపిస్టు బొడ్డు దగ్గర వేళ్లతో నొక్కి చూసి, "కండరాల మధ్య ఎడం బాగా తగ్గిందండీ, ఆపరేషన్ అక్కర్లేదు" అంది. మోకాళ్లు మడిచి పడుకుని, ఊపిరి వదులుతూ పొట్ట లోపలికి లాగే, ఆమె నేర్పిన చిన్న వ్యాయామమే పనిచేసింది. జీపులో తిరిగొస్తూ పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నవ్వుకున్నాను. నడికట్టు గురించీ అడిగాను. కట్టనందుకు కండరాలు విడిపోవట, కడుపుతో ఉన్నప్పుడే సాగి విడిపోతాయట. వదులుగా కడితే నడుముకి ఆసరాయేనట, బిగిస్తే మంచిది కాదట.

ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ, "అప్పుడు నా మాటిని కట్టించుకునుంటే నీకీ తిప్పలేటే? మన పద్మకి నానే బిగించి కడతాను, సూడు" అంది. వచ్చే నెలే తోటికోడలు పద్మ కాన్పు. అత్తమ్మ చేతికి వదులంటే తెలియదు. పద్మకి ముందే చెప్పాలో, ఊరుకోవాలో నాకింకా తేలడం లేదు.