ఓబులేసు ఎడంచెయ్యి

జూన్ 15, ఆదివారం
వార్డులో కొత్త పేషెంటు, ఓబులేసు. వఫ్రాలో ఒక అరబ్బు తోటలో, కూరగాయల షెడ్డులో పనిచేస్తూ పడిపోయాడట. పక్షవాతం — కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. కడప మనిషి. తెలుగు మాట్లాడి ఎన్నాళ్ళయిందో, స్పీచ్ థెరపిస్టునన్న సంగతే మరిచి మంచం పక్కన కూచుని ఊసులాడేశాను. కడపేనా? ఊ. ఎండ ఎక్కువా? ఊ. నీళ్ళు కావాలా? ఊ. ఫైల్లో రాశాను: అవును, కాదు సరిగ్గా చెప్పగలడు. మహా గొప్పగా.

జూన్ 16
మందూబ్ వచ్చాడు, తోట యజమాని కాగితాల పనులు చూసేవాడు. ఒళ్ళంతా సెంటు కంపు. నా ఫైలు నాకే చదివి వినిపిస్తాడు. ఓబులేసు వేలిముద్ర కావాలట — పడింది షెడ్డులో కాదు, తన గదిలో అని; అప్పుడు యజమాని నష్టపరిహారం కట్టక్కర్లేదు. ఇష్టపడే ఇంటికి పోతున్నాడని. నువ్వు తెలుగులో అడుగు, ఊ అంటే ఖలాస్, పనైపోయినట్టే అంటాడు... ఆ నవ్వే పళ్ళు రాలగొట్టాలనిపించింది. గురువారం రమ్మన్నాను. ఎందుకు రమ్మన్నాను? భయం.

జూన్ 17
ఓబులేసు భార్య వీడియో కాల్. ఫోన్ నేనే పట్టుకున్నాను. అతనితో మాట్లాడాక నన్ను పిలిచింది. "ఏమడిగినా ఊ అంటాండాడు మేడం. మనకు ఇద్దురు కొడుకులు గదా అంటే గూడా ఊ అన్యాడు. మాకుండేది ఒక్క ఆడపిల్లే."
ఏ డిగ్రీ లేని మనిషి, రెండు నిమిషాల్లో పట్టేసింది.
అప్పుడు అడిగాను. నీ పేరు ఓబులేసా? ఊ. నీ పేరు సుల్తానా? ఊ. మనం విమానంలో ఉన్నామా? ఊ. ప్రశ్నే అందడం లేదు. 'కాదు' రావలసిన ప్రశ్న ఒక్కటైనా వెయ్యాలని మొదటి ఏడాదిలోనే నేర్పిస్తారు. నా బుద్ధి గడ్డి తింది.

జూన్ 18
ఫైలు దిద్దుతానంటే హెడ్ ఒప్పుకోదు. డిపార్ట్‌మెంట్ పరువట. నువ్వీ దేశంలో ఉండాలంటే కావలసిన ఇఖామా కాగితాలు నా టేబుల్ మీదే ఉన్నాయి తెలుసుగా — పెన్ను తిప్పుతూ అంటుంది. ఛీ. ఆవిడంటే అసహ్యం. నేనంటే ఇంకా.
దిద్దాను. మొదటి పరీక్ష తప్పు, తప్పు నాది. కింద సంతకం.

జూన్ 19, గురువారం
మందూబ్ ఇంకుప్యాడ్‌తో దిగాడు. దిద్దిన పేజీ చూపిస్తే చూడడు. పాత పేజీ ఫోటో ఫోన్‌లో ఉందట. ఓబులేసు ఎడంచెయ్యి పట్టుకుని, అడుగు అన్నాడు. అడగను అన్నాను. తనే వచ్చీరాని హిందీలో అడిగాడు.
ఊ, అన్నాడు ఓబులేసు.
అంటూనే బొటనవేలు పిడికిట్లో దాచేశాడు. వాడు ఒక్కో వేలూ విప్పుతుంటే మళ్ళీ మూసేస్తున్నాడు. నోరు మాత్రం ఊ, ఊ. ఇంకు చూశాక తెలిసినట్టుంది. వదులు, అని వాడి మణికట్టు పట్టుకుని లాగాను. వార్డంతా చూస్తోంది.
వెళ్ళిపోయాడు. శనివారం ఇంకో ఇద్దర్ని తెస్తాడట. హెడ్ పిలుస్తోందని కబురు... వెళ్ళలేదు.
పిడికిలి సంగతి ఫైల్లో రాశాను. ఎవరు చదువుతారో. శనివారం నాకు డ్యూటీ లేదు, వెళ్తాను.
ఇంకుప్యాడ్ మంచం మీదే మరిచిపోయాడు. నా బ్యాగులో ఉంది. ఇవ్వను.