పక్క సీటుకి కర్చీఫ్

హాలిఫాక్స్

నాన్నా, నేను బాగున్నాను. ఈ కార్డు మీద బొమ్మలో ఉన్న ఫెర్రీలోనే రోజూ పనికి వెళ్తున్నాను.

తన వీసా రిజెక్ట్ చేసినవాళ్లని తిట్టింది ఇక చాలని అమ్మకి చెప్పండి. అక్క పురుడికి అమ్మ బదులు నేను వెళ్తున్నాను. సెమిస్టర్ అవగానే లండన్ మీదుగా డెన్మార్క్. ఎయిర్‌పోర్టులోనే రైలెక్కితే తిన్నగా అక్క వాళ్ల ఊరు ఓడెన్స్‌లో దిగొచ్చు. "ఒక్క టికెట్ సరిపోదే, సీటుకి వేరే టికెట్ కొనాలి. లేకపోతే నిలబడాల్సి రావొచ్చు" అని అక్క ఫోన్లో చెప్పింది. "కర్చీఫ్ వేస్తే చాలదా?" అన్నాను. పడీ పడీ నవ్వి, తర్వాత ఏడ్చేసింది. రేపల్లె బస్టాండులో మీరు బస్సు వెంట పరిగెత్తి కిటికీలోంచి కర్చీఫ్ విసరడం, ఎవరైనా కూర్చోబోతే "మనిషి ఉన్నారండీ" అనడం, అమ్మ బుట్ట పట్టుకుని తాపీగా నడిచి రావడం ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చాయి.

సత్యానందం అంకుల్ ఇక్కడికి వచ్చేటప్పుడు బాలింత కాయం పంపండి, ఎలా పెట్టాలో అమ్మని వాయిస్ మెసేజ్ పెట్టమనండి. కుట్టుమిషన్ బాగు చేయించారా? మీ మోకాలు ఎలా ఉంది?

ప్రభువు మిమ్మల్నిద్దర్నీ చల్లగా చూడాలి. నాకు సీటు టికెట్ కొనేశాను. సూట్‌కేసు గుర్తుపట్టడానికని మీరు పిడికి కట్టిన కర్చీఫ్ ఇంకా అలాగే ఉంది. దాన్ని విప్పి అమ్మ కోసం పక్క సీట్లో వేస్తాను. ఎవరైనా అడిగితే తెలుగులోనే చెప్తాను, మనిషి ఉన్నారండీ అని.

మీ బ్యూలా