అరిగిన కాఫీ కూజా

మెదక్,
ఆదివారం సాయంత్రం

ప్రియమైన అమ్మకు, సృజన వందనాలు. ఇక్కడ నేనూ, ఆయనా, పిల్లా బాగున్నాం. డిచ్‌పల్లిలో నువ్వూ, పెద్దమ్మా కూడా బాగున్నారని తలుస్తాను. ఫోనులో చెబితే సగం వినబడలేదంటావు కనుక రాస్తున్నాను.

పెద్దమ్మ మోకాళ్లకు నేను పంపిన నూనె పని చేసిందన్నావు, సంతోషం. మన జామచెట్టు సంగతి అడిగావు. బాగానే కాసింది. పండ్లన్నీ చిలకలు తిని, మాకు వాసన మిగిల్చాయి.

ఇక అమ్మమ్మ నాకు వదిలిపోయిన కాఫీ సామాను గురించి. వెండిదైతే కోత పండుగకు మన చర్చి గుడిలో జరిగే వేలానికి ఇచ్చెయ్యమన్నావు, కాకపోతే పాత సామాన్ల బండికి వేసెయ్యమన్నావు. ఏదైనా నువ్వు వచ్చేసరికి ఇంట్లో ఉండకూడదన్నావు. ఆ సామాను ఇచ్చిన దొరసాని బంగళాలో అమ్మమ్మ వంట చేసిన రోజులు తలచుకోవడం నీకిష్టం లేదని నాకు తెలుసు.

మూట విప్పిన మధ్యాహ్నం సన్నగా వాన పడుతోంది. కూజా, పాలగిన్నె, చక్కెర గిన్నె, పళ్లెం, అన్నీ నల్లబడి ఉన్నాయి. కూజా మూత తీస్తే ఎన్నేళ్ల కిందటిదో కాఫీ వాసన వచ్చింది. వచ్చిందని అనుకున్నానేమో కూడా. ఆ పూటంతా వంటింట్లో అమ్మమ్మ నా వెనకే తిరుగుతున్నట్టుంది. చూస్తే పోతుందని వెనక్కి తిరగలేదు.

మరునాడు బజారులో పాత వెండి కొనే అస్గర్ భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన అడుగున ఉన్న ముద్రలు భూతద్దంతో చూసి, వెండి కాదన్నాడు. ఇంగ్లండు సామానే, పాతదే, కానీ పైన వెండి పూత మాత్రమే. ప్రతి క్రిస్మస్‌కూ ఇత్తడి బిందెల్లాగా చింతపండూ బూడిదా వేసి తోమాం కదా, ఆ పూత కూడా చాలా పోయిందట. కొనేవాళ్లు పెద్దగా ఇవ్వరన్నాడు. నాకు బాధే వేసింది.

తర్వాత కూజా పిడిని వెలుతురుకు తిప్పాడు.

“తోముడుకు పోతే అంతట పోతది చెల్లె. గిది చూడు, పిడికి ఒక్క పక్కనే అరిగింది. బొటనవేలు ఆనే జాగ సుత గటుపక్కనే ఉన్నది. రోజు పోసినామెది పుర్రచెయ్యి.”

కాదన్నాను. బంగళాలో రోజూ అందులో కాఫీ పోసింది అమ్మమ్మే, కానీ మన ఇంట్లో ఆమె కుడిచేత్తోనే తినేది, కుడిచేత్తోనే వడ్డించేది. ఆయన నవ్వి, నన్నే పట్టుకుని చూడమన్నాడు. కుడిచేత్తో పట్టుకుంటే వేలు ఎక్కడా కుదరలేదు. ఎడమచేతికి మార్చాను. అమ్మా, నా బొటనవేలు ఆ అరిగిన చోట వెళ్లి కూర్చుంది.

చిన్నప్పుడు ఎడమచేత్తో వడ్డిస్తే నువ్వు నా చేయి కొంగుతో కట్టేసేదానివి. అమ్మమ్మ లేచి పెరట్లోకి వెళ్లేది. మన ఇంట్లో అన్నేళ్లు దాచుకున్న చేతిని ఆమె ఆ బంగళా వంటింట్లోనే వాడుకుంది. అక్కడ ఎవరూ తప్పు పట్టలేదేమో. అది తెలిసి కొట్టులోనే ఏడ్చాను.

ఒక మాట ఇంతసేపూ దాచాను. సామాను గుడికీ ఇవ్వలేదు, బండికీ వెయ్యలేదు. రోజూ సాయంత్రం పెద్ద గుడి గంట మోగే వేళకు అందులోనే కాఫీ పోస్తున్నాను, ఎడమచేత్తోనే. పిల్ల చూస్తుంటుంది. దాని చేయి కూడా అటే పోతోంది. నేను ఆపడం లేదు.

నువ్వు వచ్చాక పారెయ్యమంటే పారేస్తాను. కానీ ముందు ఒక్కసారి ఆ కూజా పట్టుకుని చూడు. కోపం వచ్చినప్పుడు నువ్వు తలుపు గడియ ఏ చేత్తో వేస్తావో చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. ఆ చేత్తో పట్టుకో.

ఇట్లు,
నీ పుర్రచేతి కూతురు
సృజన