ఎర్రదారం కట్టిన చేపలు

పడవల వీధి వలల పెద్దమ్మ గారికి,

నదీ సంరక్షణ కార్యాలయపు అధికారి వ్రాయునది. సరిహద్దు రక్షిత ప్రాంతంలో మా సిబ్బందికి రెక్కకు ఎర్రదారం కట్టిన చేపలు పద్నాలుగు దొరికినవి. ఆ దారం కట్టినది మీరేనని విచారణలో తేలినది. ప్రభుత్వ నదిలోని చేపలకు సొంత గుర్తులు పెట్టుకొనుట నేరం. వారంలోగా సంజాయిషీ ఇవ్వనిచో మీ పడవ లైసెన్సు రద్దగును.

ఇట్లు,
అధికారి

తా.క.: సంజాయిషీ కాగితం మీదనే ఇవ్వవలెను. క్రిందటిసారి వలె వచ్చి వరండాలో బైఠాయించరాదు.

*

ఆఫీసరు బాబుకి వలల పెద్దమ్మ దీవెనలు.

మీ ఉత్తరం వీధంతటికీ చదివి వినిపించాను. చేపలు నావని నేనెన్నడూ అనలేదు బాబూ. మేం వలలు వేసేది మీ రక్షిత ప్రాంతానికి దిగువన. కడుపుతో ఉన్న చేప పడితే రెక్కకు ఎర్రదారం ముడేసి వదిలేస్తాం. అది మళ్ళీ ఎవరి వలలో పడినా దారం చూసి వాళ్ళూ వదిలెయ్యాలి. మా అత్తగారు నేర్పిన పద్ధతి ఇది. ఆవిడ పోయి ఇరవై ఏళ్ళయినా ఈ నది గొడ్డుపోలేదంటే ఆ ముడి చలవే. లైసెన్సు పోయినా సరే, ముడి వెయ్యడం మాత్రం మానను.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క.: అక్కడ చేపలు పట్టకూడదని బోర్డు పెట్టింది మీరే కదా. మరి ఆ పద్నాలుగూ వాటంతటవే మీ పడవెక్కాయా?

*

పెద్దమ్మ గారికి,

అనవసర ప్రశ్నలు వేయరాదు. అవి తనిఖీ నిమిత్తం పట్టబడినవి. పైగా మీ దారమున్న చేపలు సరిహద్దు దాటి అవతలి గట్టున కూడా కనబడుచున్నవట. ఇది పరాయి దేశానికి రహస్య సంకేతాలు పంపుటగా భావించి, మీ పడవకు తాళం వేయుటకు సోమవారం సిబ్బందిని పంపుచున్నాము.

ఇట్లు,
అధికారి

తా.క.: పద్నాలుగు దారాలనూ కత్తిరించి, సాక్ష్యంగా బీరువాలో భద్రపరచితిమి.

*

ఆఫీసరు బాబుకి మళ్ళీ దీవెనలు.

సంకేతమన్న మాట నిజమే. 'కడుపుతో ఉంది, వదిలెయ్యండి' అని. అవతలి గట్టువాళ్ళకి మన భాష ఒక్క ముక్క రాదు. అయినా వాళ్ళకి అర్థమైంది, ఏళ్ళ తరబడి వదిలేస్తున్నారు. ఇంత చదువుకున్న మీకే అర్థం కాలేదు.

దారాలు బీరువాలో ఉన్నాయని రాశారు, చేపలెక్కడున్నాయో రాయలేదు. మీ వంటాయన మాత్రం దాచలేదు. కోస్తే ఒక్కోదాని కడుపులో దోసెడు గుడ్లున్నాయని మా కోడలితో చెప్పి తలొంచుకున్నాడు. అది విన్న రోజు మీ మీద వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు.

మీ సిబ్బందికి శ్రమెందుకని మా పడవ నేనే ఒడ్డెక్కించాను. నన్ను చూసి వీధిలో మిగతా నలభై పడవలవాళ్ళూ ఎక్కించారు. లైసెన్సులన్నీ ఈ కవరులోనే పెట్టాం. గుడ్లు పెట్టే ఈ రెండు నెలలూ మా వలలు నీళ్ళు ముట్టవు. అర్ధాకలితో గడుపుకుంటాం. మా పడవలన్నీ గట్టున చూసి అవతలివాళ్ళు కూడా తమవి కట్టేసుకున్నారు.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క.: ఈ ఉత్తరం నకలు మీ పై ఆఫీసుకు కూడా పంపాను. ఇకమీదట నదిలో ఒక్క చేప తగ్గినా మీరు ఎవరినీ విచారించనక్కర్లేదు. నీళ్ళ మీద తిరిగేది మీ పడవ ఒక్కటే.