నా బిడ్డ పేరు ముందు కొట్టేసిన మాట

కరీంనగర్ జిల్లా కోరుట్లలో ఉంటున్న దూడం పెంటయ్య, తండ్రి పేరు దుర్గయ్య, వయసు అరవై నాలుగు, జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్‌ అయిన నేను నా వారసులకు రాసి ఇస్తున్న వీలునామా ఏమనగా: నా గుండె సంగతి డాక్టర్లు చెప్పాలి గానీ నా బుద్ధి మాత్రం సరిగ్గానే ఉంది. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ బతిమాలలేదు. ఈ కాగితం నేను పోయిన తర్వాతే అమల్లోకి వస్తుంది. అంతవరకు ఇందులో ఏ మాటనైనా మార్చే హక్కు నాదే.

ఒక మాట ఇప్పటికే మార్చాను. జగిత్యాల వకీలు గారు రాసిచ్చిన చిత్తులో నా కూతురు జమున పేరు ముందు ‘కీర్తిశేషురాలు’ అని ఉంది. మనిషి జాడ లేక ఏడేళ్లు దాటితే చట్టం చనిపోయినట్టే లెక్కిస్తుందని, అలా రాస్తే అందరికీ తేలికని ఆయన అన్నారు. కొట్టేశాను. ఎందుకు కొట్టేశానో కింద వస్తుంది. వారసులు ఓపికగా చివరిదాకా చదవాలి. నా పాఠాలప్పుడు నిద్రపోయినవాళ్లను క్షమించాను గానీ ఇక్కడ క్షమించను.

నా వారసులు ఇద్దరు. కొడుకు రాజమల్లు, సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, గుడ్డ నేయించుకుంటూ బతుకుతున్నాడు. కూతురు జమున, వాడికంటే పెద్దది. నా భార్య నర్సవ్వ రెండేళ్ల కింద ఎండాకాలంలో కాలం చేసింది. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా కాలేజీ పాత ల్యాబ్ అటెండర్, నా స్నేహితుడు దావీదుకు అప్పగిస్తున్నాను.

1. సిరిసిల్లలోని షెడ్డు, అందులోని సాంచెలు, మా నాయిన నేసిన పాత మగ్గం రాజమల్లుకు సర్వహక్కులతో చెందుతాయి. మగ్గాన్ని కట్టెల కింద అమ్మకూడదు. జమున వెళ్లిపోయాక ఆమె ఎక్కడుందో చెప్పమని వీణ్ని పోలీసు స్టేషన్‌లో కూర్చోబెట్టిన రోజులున్నాయి. “అక్క పోయింది జనం కోసమట, దెబ్బలు నాకువడ్డయి” అన్నాడొకసారి. నిజమే, అందుకు వాడి మీద కోపం లేదు. కానీ ఒక బతుకమ్మ పండగనాడు “సచ్చినోళ్లకు పూలేందే అవ్వా” అని తల్లి మొహం మీదే అన్నాడు. అది మాత్రం నేను మరవలేదు.

2. కోరుట్ల ఇల్లు నా స్వార్జితం. అందులో సగం రాజమల్లుది. వీధి వైపు గది ఉన్న సగం జమునది. జమున రాని పక్షంలో ఏం చేయాలో చివర్లో రాస్తాను.

3. మసి పట్టించిన గాజు పలక ఒకటి నా బీరువాలో గుడ్డలో చుట్టి ఉంది. ఇంటర్ చదివేటప్పుడు జమున దాని మీద బ్లేడుతో రెండు సన్నని గీతలు గీసింది. వాటి గుండా వెలుగు పంపిస్తే ఎదుటి గోడ మీద చారలు పడతాయి. వెలుగులోని ఒక్కో కణం రెండు దారుల్లోనూ పోయినట్టే లెక్క వస్తుంది. ఏ దారిన పోయిందో మధ్యలో పట్టి చూద్దామంటే చారలు మాయమవుతాయి. చూడకపోవడంలో కూడా ఏదో ఉందని లోకమంతా ఒప్పుకున్న సంగతి ఇది. ఆ పలక దావీదుకు. మసి చెరగకుండా చూసుకోవాలి.

4. ఈ క్లాజులో ఆస్తి ఏమీ లేదు, అయినా ఉండనివ్వండి. పగులుతుందో లేదో తెలియని విషం సీసాతో పాటు డబ్బాలో పెట్టిన పిల్లి కథ ఏటా క్లాసులో చెప్పేవాణ్ని. మూత తీసి చూసేదాకా ఆ పిల్లి బతికీ ఉంది, చచ్చీ ఉంది అనేది ఆ చిక్కుముడి. పిల్లలు నవ్వేవారు. జమున మాత్రం లేచి నిలబడింది. “గా పిల్లిని ఎవరన్న అడిగిండ్రా నాయినా? డబ్బాల ఉన్నదానికి ఎర్కనే గద!” క్లాసులో నాయినా ఏంటని కసిరి కూర్చోబెట్టాను. సిలబస్‌లో లేదన్నాను.

5. ఎనభై నాలుగులో జమున జగిత్యాలలో డిగ్రీ చివరి సంవత్సరం. కోరుట్ల బస్టాండులో జగిత్యాల బస్సు ఎక్కించడానికి నేనే పోయాను. “నువ్వు పో నాయినా, ఎండల నిలవడకు” అంది. వచ్చేశాను. ఆమె మెట్‌పల్లి బస్సు ఎక్కిందని, అటునుంచి అడవిలోకి, దళంలోకి పోయిందని తర్వాత తెలిసింది. రెండు దారులున్న ప్రతిచోటా లోకమే రెండుగా చీలుతుందని, రెండూ నిజమేనని వాదించే శాస్త్రవేత్తలున్నారు. ఆ లెక్కన ఇంకో లోకంలో ఆ పిల్ల జగిత్యాల బస్సే ఎక్కింది. పరీక్షలు రాసి ధర్మపురి బడిలో టీచరయింది. సెలవులకు వచ్చి, బీపీ మనిషివి కూరలో అంత ఉప్పేంటని తండ్రితో తగువు పడుతోంది. అక్కడ కూడా ఒక పెంటయ్య ఉన్నాడు. కూతురి పోరు పడలేక విసుక్కుంటున్నాడు. వాడంటే నాకు ఒళ్లు మంట. నా ఆస్తిలో వాడికి చిల్లిగవ్వ కూడా చెందదు.

6. అదే వాదాన్ని ఇంకా సాగదీసి, ప్రతి మనిషికీ తాను బతికి ఉన్న లోకం ఒకటి మిగులుతూనే ఉంటుంది, కాబట్టి ఎవరి లెక్కలో వారు చావరు అనేవాళ్లూ ఉన్నారు. నాకా సౌకర్యం వద్దు. గుండె ఆగితే హైదరాబాదు తీసుకుపోయి మిషన్లు పెట్టించవద్దు. నర్సవ్వ పోయింది ఈ లోకంలోనే. నన్నూ ఇక్కడే పోనివ్వండి.

7. బతుకమ్మ పేర్చే ఇత్తడి పళ్లేలు, మన సిబ్బెలు, రెండు, పెద్దది, చిన్నది, నా కోడలు కళావతికి. వీటిని వేరు చేయకూడదు. జమున పోయిన ఏడాది నుంచి నర్సవ్వ పెద్ద సిబ్బెలో తన బతుకమ్మ, చిన్న సిబ్బెలో కూతురి బతుకమ్మ పేర్చేది. తంగేడు, గునుగు నేనే తెచ్చేవాణ్ని. బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూలనాడు నీళ్లలో వదిలి వచ్చి, గడప దగ్గర కూర్చున్న నాతో ఏటా ఒకే మాట అనేది. “అచ్చే ఏడు అస్తది తియ్.”

8. ఇప్పుడు కొట్టేసిన మాట సంగతి. ఎనభై తొమ్మిది వానాకాలంలో గోదావరి అవతల ఎదురుకాల్పులని పేపర్లో వచ్చింది. శవాన్ని గుర్తుపట్టడానికి రమ్మని కబురొస్తే దవాఖానకు పోయాం. గది తలుపు దాకా పోయి వెనక్కి తిరిగాను. మెట్ల మీద కూలబడ్డాను. అప్పటికే ఒకసారి గుండె నొప్పి వచ్చి ఉంది. నర్సవ్వ కొంగు దోపుకొని ఒక్కతే లోపలికి పోయింది. వచ్చేటప్పుడు కళ్లు పొడిగానే ఉన్నాయి. “మన బిడ్డ గాదు. లే, బస్సు పోతది” అంది. ఇంటికి రాగానే కట్టుబట్టలతోనే తల మీద నీళ్లు గుమ్మరించుకుంది. పీనుగులను చూసొచ్చింది కదా, అందుకేలే అనుకున్నాను. అప్పటి నుంచి నా డబ్బా మూత మూసే ఉంది. లోపల నా బిడ్డ బతికి ఉంది. ఆ ధైర్యంతోనే ఉద్యోగం చేశాను, అన్నం తిన్నాను.

పెత్రమాసనాడు పొద్దున చనిపోయిన పెద్దల పేర్లు చెప్పించి పంతులుకు బియ్యం ఇవ్వడం, అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడడం మన ఆచారం. సాయంత్రం పూల సంగతి నాదీ, పొద్దున బియ్యం సంగతి నర్సవ్వదీ. సైన్సు చెప్పేవాణ్నని నేనెప్పుడూ పంతులు దగ్గరికి పోలేదు. ఆమె పోయిన ఏడు, ఆమె పేరున బియ్యం ఇవ్వడానికి మొదటిసారి పోయాను. మా నాయిన దుర్గయ్య, మా అవ్వ బాలమ్మ, ఇప్పుడు నర్సవ్వ, మూడు పేర్లు చెప్పి కూర్చున్నాను. పంతులు అడిగాడు: “అమ్మది కలిపితే నాలుగు పేర్లయితయి గద సారూ?” నాలుగోది ఎవరిదన్నాను. ఆయన చెప్పాడు.

దవాఖాన నుంచి వచ్చిన ఏడాది మొదలు ఏటా ఆమె జమున పేరున బియ్యం ఇచ్చింది. పొద్దున ఇచ్చి వచ్చి, సాయంత్రం నా ఎదురుగా కూర్చుని జమునకు బతుకమ్మ పేర్చింది. తన బిడ్డను తన బిడ్డ కాదని చెప్పి, పీనుగును ఎవరో కాల్చేటట్టు వదిలేసి వచ్చింది. నా గుండె ఆగుతుందని, రాజమల్లును మళ్లీ పట్టుకుపోతారని. నా పక్కనే పడుకుంటూ, ఎన్నేళ్లు ఎక్కడ ఏడ్చిందో నాకు తెలియదు. నేను లెక్చరర్‌ను. మూత ఎవరూ తీయలేదనే అనుకుంటూ బతికాను.

9. కాబట్టి వారసులకు నా ఆదేశం. జమున వాటా సగం ఇల్లు, ఆమె రాదు గనక, కళావతికి చెందుతుంది. అందుకు బదులుగా ఆమె చేయవలసినది ఇది. పెత్రమాసనాడు పొద్దున రాజమల్లుతో ఐదు పేర్ల మీద బియ్యం ఇప్పించాలి. నా పేరు జమున పేరు పక్కన చెప్పించాలి. కాగితాల్లో మాత్రం ఆమె పేరు ముందు ఏ మాటా చేర్చకూడదు. నర్సవ్వ నాకు చెప్పకుండా దాచిన మాటను నా చేత్తో రాసి సంతకం పెట్టలేను.

సాయంత్రం రెండు సిబ్బెలూ పేర్చాలి. నీళ్లలో వదిలి వచ్చాక కళావతి నా ఫొటో ముందు నిలబడి “అచ్చే ఏడు అస్తది తియ్ మామా” అనాలి. అబద్ధమని నాకు తెలుసు. అయినా అనాలి.

ఇది చదివించుకొని విని, సరిగ్గా ఉందని ఒప్పుకొని, సాక్షుల ఎదుట నా చేవ్రాలు చేశాను.

కోరుట్ల, 12 సెప్టెంబర్ 1998, శనివారం

(సంతకం) దూడం పెంటయ్య

సాక్షులు:
1. గుండేటి కిష్టయ్య, పక్కింటి టైలరు (సంతకం)
2. లక్ష్మవ్వ, ఎదురింటి మనిషి, నర్సవ్వతో బతుకమ్మ ఆడినది (ఎడమ చేతి బొటనవేలి ముద్ర)