అందరికీ ల్యాప్‌టాప్ ఉంది

19 జూన్ 2020, ఉదయం
యూనివర్సిటీ నుంచి సర్వే లింక్ వచ్చింది. ల్యాప్‌టాప్ ఉందా, నెట్ ఉందా, చదువుకోవడానికి వేరే గది ఉందా. జవాబులను బట్టి వచ్చే సెమిస్టర్ ప్లాన్ చేస్తారట.

బతుకుతెరువుకొచ్చిన ఈ వడోద్ బస్తీలో మాది ఒక్క గది. ఉన్న ఫోన్ ఒక్కటి, అదీ నాన్నది. అన్నిటికీ 'లేదు' పెట్టబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. లాక్‌డౌన్‌లో నాన్న పనిచేసే చోట సేఠ్ కూడా ఇలాగే మెత్తగా అడిగాడట, ఊరికి ఎవరెవరు పోతారని. పోతామన్నవాళ్లను మళ్లీ సాంచాల మీదికి, అంటే మరమగ్గాల పనికి, రానివ్వలేదు.

"లేదంటే పేరు కొట్టేస్తరు మంగా. అన్నీ ఉన్నయని రాయి."

రాశాను. నాకూ భయమే.

21 జూన్
పక్కింటి ఐలమ్మత్త కూతురు పద్మారాణిది నా క్లాసే. సర్వేలో ఏం పెట్టావంటే గుర్తు లేదంది. మొన్న పెట్టింది గుర్తుండదా?

3 జూలై
ఎవరైనా ఇంటికొచ్చి చూస్తారేమో. తలుపు చప్పుడైతే చాలు, ముందు సందులోంచి తొంగి చూస్తున్నాను.

10 ఆగస్టు
ప్లాన్ వచ్చింది. అంతా ఆన్‌లైన్. పరీక్షలయ్యేదాకా కంప్యూటర్ ల్యాబ్ తెరవరు. కారణం: మా బ్యాచ్‌లో అందరికీ ల్యాప్‌టాప్ ఉంది.

అందరికీనా! ఇంటింటికీ మట్టిపొయ్యే అన్నమాట. పద్మారాణి కూడా అబద్ధమే రాసింది. ప్రోగ్రామింగ్ ప్రాక్టికల్ ఫోన్‌లో ఎలా చేయాలి? ఫెయిలైతే నా చదువు అయిపోయినట్టే, అమ్మ పక్కన కూర్చుని చీరలకు స్టోన్లు అంటించడమే. ఏడుపొచ్చింది.

13 ఆగస్టు
ఉన్ అనే బస్తీలో ఉండే క్లాస్‌మేట్ నరేశ్, తాను 'లేదు' అనే పెట్టానంటున్నాడు. నమ్మను. మరి 'అందరికీ' ఎలా అయింది? ఇప్పుడు హీరో అవుతున్నాడు.

14 ఆగస్టు
సర్వే డేటా చూసే మీనాక్షి మేడమ్ తెలుగావిడే. భయపడుతూనే ఫోన్ చేశాను. ఒక్క 'లేదు' వచ్చిందట. అంతమందిలో ఒక్కటే కదా, ఎవరో పొరపాటున నొక్కారనుకుని తీసేశారట. నిజం చెప్పినవాడొక్కడే, వాడే పొరపాటు.

నా సంగతి చెప్పేశాను. మేడమ్ మళ్లీ సర్వే పెట్టిస్తానంది. ఈసారి కూడా ఒకరిద్దరే అయితే ల్యాబ్ తెరిపించడం తన వల్ల కాదంది. స్పీకర్‌లో నాన్న అంతా విన్నాడు.

19 ఆగస్టు, సాయంత్రం
లింక్ వచ్చింది. 'లేదు' పెట్టాను. నాన్న ఫోన్ లాక్కుని రెండుసార్లు చూసి, సబ్మిట్ తనే నొక్కాడు.

ఇప్పుడు నాన్న ఐలమ్మత్త గుమ్మంలో నిలబడ్డాడు. ఇక్కడికి వినపడుతోంది.

"మీ పిల్ల లేదనే రాసిందా చెల్లె? జర ఫోన్ చూపియ్యి. చూసినంకనే పోత."