సైరన్ మోగదు

ఏమండీ, మీ ఫోన్ కలవడం లేదు, అందుకే ఈ చీటీ. అత్తయ్యని ఎదురింటి టైలరు గారి మేడ మీదికి చేర్చాను. మందులు, దుప్పటి అక్కడే ఉన్నాయి. మీరు బట్టలు కూడా మార్చుకోకుండా అక్కడికే వెళ్ళండి. వరద సైరన్ మోగాక చూద్దాంలే అని కూర్చోకండి. అది మోగదు.

తప్పు నాదే. పొద్దున ఇంట్లోంచే ఆనకట్ట దగ్గరి కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యాను. బయటివాళ్ళెవరూ చొరబడకుండా సెట్టింగ్ మారుస్తూ నా దారి కూడా నేనే మూసేసుకున్నాను. ఎన్నిసార్లు ప్రయత్నించినా లోపలికి రానివ్వడం లేదు. సైరన్ మోగించే ప్రోగ్రాంని ఆ మార్పు కోసం కాసేపు ఆపాను. అది అలాగే ఆగిపోయి ఉంది, ఇక అక్కడికి వెళ్ళి చేత్తోనే ఆన్ చేయాలి. అక్కడి కాపలా మనిషి వానకి జడిసి వెళ్ళిపోయాడు.

మా ఆఫీసరు గారికి చెప్పాను. తిడతారనుకున్నాను. "రోడ్డు మునిగిందమ్మా, ఇప్పుడు నువ్వు మాత్రం ఏం చేస్తావు? మీ వాళ్ళని చూసుకో" అన్నారు. తిట్టలేదంటేనే పరిస్థితి ఎంత దూరం వచ్చిందో అర్థమైంది.

మన వీధిలో ప్రతి తలుపూ కొట్టాను. సగం మంది నవ్వారు. దిగువ వీధులకి చెప్పే నాథుడే లేడు. గట్టు మీదుగా ఆనకట్టకి నడిచి వెళ్తున్నాను. చేరతానన్న ఆశ లేదు. దారిలో ఇళ్ళవాళ్ళకైనా చెబుతాను.

"ఇంట్లో కూర్చుని మీటలు నొక్కడం కూడా ఓ ఉద్యోగమేనా" అన్నారు మీరు మొన్న. ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

అత్తయ్య నన్ను అడిగితే, పక్క గదిలో పడుకున్నానని చెప్పండి.